అడుగున ఉన్న పేరు

ఒక మనిషి కష్టపడి చేసిన పనిని పైసా కట్టకుండా తీసుకున్నాను. బదులుగా అతను అడిగింది ఒక్కటే, పేజీ అడుగున తన పేరు ఉండనివ్వమని. నేను ఉండనివ్వలేదు. పైగా ఆ చోట నా పేరు పెట్టుకున్నాను. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో నన్ను నమ్మి వెబ్‌సైటు పని అప్పగించిన చాలామందికి ఇలాగే చేసిచ్చి డబ్బు తీసుకున్నాను. పని బాగుందని మెచ్చుకుంటే సంతోషంగా తలూపాను.

ఇంతమాత్రానికి ఇంత బాధ దేనికి, అందరూ చేసేదేగా అని నా తోటి పనివాళ్లు అంటారు. కొన్నేళ్లపాటు నాకు నేను చెప్పుకున్న మాట కూడా అదే. ఆ మాట పట్టుకుని నేనెంత దూరం పోయానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఈ పనితో పరిచయం లేనివాళ్ల కోసం రెండు మాటలు. సైటు పైకి ఎలా కనపడాలి, శీర్షిక ఎక్కడ రావాలి, ఫొటో ఎక్కడ రావాలి, ఫోన్లో తెరిస్తే పేజీ ఎలా సర్దుకోవాలి, ఇదంతా ముందే రాసిపెట్టిన ఫైళ్ల కట్టను థీమ్ అంటారు. బ్లాగర్ అనే బ్లాగు సేవ వాడేవాళ్లు టెంప్లేట్ అంటారు. మంచి థీమ్ రాయాలంటే వారాలు పడుతుంది. రకరకాల ఫోన్లలో, బ్రౌజర్లలో తెరిచి చూసుకోవాలి. ఎక్కడో ఒక చోట బొమ్మ పక్కకు జరుగుతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఇంత పని చేసినవాళ్లు కొందరు దాన్ని అమ్ముతారు. కొందరు ఊరికే ఇచ్చి, పేజీ చివర ఈ డిజైన్ ఫలానావారిదన్న ఒక వరుస, దానికో లింకు ఉంచమంటారు. దాన్నే మేము ఫుటర్ క్రెడిట్ అంటాం. ఆ లింకు పట్టుకుని వెళ్లినవాళ్లలో కొందరు డబ్బిచ్చి పని చేయించుకుంటారు. వాళ్ల బతుకుతెరువు అదే. ఆ వరుస వద్దనుకునేవాళ్లకు కూడా దారి ఉంటుంది. కొంత కట్టి, క్రెడిట్ లేని కాపీ తీసుకోవచ్చు. కాబట్టి ఆ థీమ్‌కు ధర ఉంది. ఆ వరుసే దాని ధర.

ఈ సంగతి నాకు అందరికంటే ముందు తెలిసి ఉండాల్సింది. మా బాబాయి తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. తెనాలి అంటే నాటకాలు, పుస్తకాలు, ప్రెస్సులు. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి గార్ల ఊరు. సాధన గ్రంథమండలి, తెనాలి అని అచ్చయిన పుస్తకం ఒక్కటైనా లేని పూజగది మా వైపు తక్కువ. సెలవుల్లో బాబాయికి క్యారేజీ పట్టుకెళ్లి అక్కడే కూర్చునేవాణ్ని. ఆయన కేసు ముందు నిలబడి, ఎడమచేతిలో స్టిక్ పట్టుకుని, గళ్లలోంచి సీసపు అక్షరాలు ఏరి పేర్చేవాడు. నాకు అన్నీ తిరగబడి కనపడేవి. ఆయన మాత్రం మనం పేపరు చదివినంత హాయిగా చదివేవాడు. కరపత్రమైనా, నాటకం వాల్‌పోస్టరైనా, విషయమంతా పేర్చాక చివర ఇంకో వరుస పేర్చేవాడు. ప్రెస్సు పేరు, కామా, తెనాలి. కేసుల్లో ఉన్న అన్ని సైజుల్లోకీ చిన్నది వెతికి వాడేవాడు.

ఒకసారి నాటకం కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, ఆ వరుస తీసేస్తే కృష్ణుడి వేషధారి పేరు ఇంకాస్త పెద్దది చేయొచ్చుగా అన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. "అది లేకుండా కాయితం బయటికి పోదండీ" అన్నాడు. అప్పటికి 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం అమల్లో ఉంది. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రించినవారి పేరు, ఊరు ఉండాలని దాని మూడో సెక్షన్. లేకపోతే రెండు వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 2023లో కొత్త చట్టం వచ్చి దాన్ని తీసేసింది. ఎన్నికల కరపత్రాలకు మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఆ నియమం ఇప్పటికీ ఉంది. తెల్లవాళ్లు ఆ చట్టం పెట్టింది అచ్చేసినవాడి గౌరవం కోసమేం కాదు, రేపు గొడవైతే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికి. అది నాకు తర్వాత తెలిసింది. కానీ బాబాయి ఆ వరుసను భయంతో పేర్చలేదు. ప్రూఫు లాగాక మొదట ఆ వరుసే చదివేవాడు. నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో కూర్చుని ఇంకొకడి వరుస చెరిపాను.

2018లో గూగుల్ తన ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌ను తెలుగుకు తెచ్చింది. ఒక్కసారిగా మా చుట్టూ ఉద్యోగ సమాచారం బ్లాగులు పుట్టుకొచ్చాయి. పదో తరగతి ఫలితాలు, డీఎస్సీ, హాల్‌టికెట్లు, మరుసటి ఏడాది గ్రామ సచివాలయం పోస్టులు. నేనూ ఒకటి పెట్టాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది, తొందరగా తెరుచుకుంటోంది అని ఒక ఉచిత టెంప్లేట్ దించుకున్నాను. జిప్ ఫైలు విప్పితే టెంప్లేట్‌తో పాటు షరతులు రాసిన చిన్న ఫైలు ఇంకొకటి ఉంది. దాన్ని తెరవలేదు. అడుగున ఆ చేసినవాడి పేరు కనపడింది. మన బ్లాగులో పరాయి పేరేమిటనుకుని కోడ్ తెరిచి, ఆ వరుస వెతికి, చెరిపి, సేవ్ చేశాను.

బ్లాగు తెరిస్తే నా శీర్షిక ఒక్క క్షణం కనపడి మాయమైంది. పేజీ మొత్తం ఆ టెంప్లేట్ చేసినవాడి సైటుకి వెళ్లిపోయింది. మళ్లీ తెరిచాను, మళ్లీ అంతే. కోడ్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి ఉంచాడతను. తన పేరున్న వరుస ఉందా లేదా, ఉంటే దాచి ఉందా అని అది చూస్తుంది. లేకపోయినా, దాచినా వచ్చిన మనిషిని తన సైటుకి పంపేస్తుంది. ఇలాంటి స్క్రిప్టులు ఉచిత టెంప్లేట్లలో మామూలే.

అప్పుడైనా నాకు అర్థమై ఉండాలి. తలుపుకి అంత గట్టి గొళ్లెం పెట్టాడంటే, ఎందరో తీసుకుపోతే విసిగిపోయి పెట్టి ఉంటాడని ఒక్క నిమిషం ఆలోచించి ఉండాలి. నాకు కోపం వచ్చింది. నా బ్లాగుకొచ్చిన మనిషిని వాడెవడు లాక్కుపోవడానికి అనుకున్నాను. ఆ స్క్రిప్టు అక్షరం అక్షరం చదివాను. షరతుల ఫైలు చదవడానికి లేని ఓపిక దాన్ని ఓడించడానికి వచ్చింది. వరుస ఉందా అని చూస్తోంది, దాచారా అని చూస్తోంది, రంగు మాత్రం చూడటం లేదని కనిపెట్టాను. పేజీ తెలుపు. ఆ అక్షరాలకీ తెలుపే పెట్టాను. కంప్యూటర్ భాషలో తెలుపుకి గుర్తు ఎఫ్ అనే అక్షరం ఆరుసార్లు. ఆరు ఎఫ్‌లు కొట్టి సేవ్ చేస్తే వరుస అక్కడే ఉంది, ఎవరికీ కనపడదు. స్క్రిప్టు ఊరుకుంది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

దాని పక్కనే కాపీరైట్ గుర్తు పెట్టి, సర్వహక్కులూ మావే అని రాశాను. తర్వాత అదే టెంప్లేట్ రంగులు మార్చి ఊళ్లోవాళ్లకి అమ్మడం మొదలుపెట్టాను. కోచింగ్ సెంటర్, చీరల షాపు, బాపట్లలో సూర్యలంక రోడ్డు లాడ్జి. ప్రతిదాని అడుగునా డిజైన్ అని, పక్కన నా షాపు పేరు, తెనాలి అని. బాబాయి పేర్చినట్టే, చిన్న అక్షరాల్లో. తేడా ఏమిటంటే ఆయన పేర్చింది ఆ కాగితం అచ్చేసిన ప్రెస్సు పేరు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లోనే ఇంకో ఉద్యోగ బ్లాగువాళ్లు నేను రాసిన సిలబస్ వివరణను అచ్చుతప్పులతో సహా ఎత్తి పెట్టుకున్నారు. నేను అన్నం మానేసి కూర్చుని గూగుల్‌కు కాపీరైట్ ఫిర్యాదు రాశాను. నా శ్రమ, నా పేరు, నా హక్కు అని ఎన్ని మాటలు వాడానో. ఆ ఫిర్యాదు పంపిన పేజీ వెనకే ఇంకో ట్యాబులో ఆ తెల్ల వరుస ఉంది. ఆ రెంటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

రేపల్లెలో చేసింది తెనాలిలో చేసినదానికి తిరగేసిన తప్పు.

అక్కడ రొయ్యల మేతలు, చెరువు మందులు అమ్మే షాపు ఒకటి. నిజాంపట్నం వైపు రైతులు ఎక్కువగా వస్తారు. ఆ షాపాయనకి వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైటు కట్టిచ్చాను. వర్డ్‌ప్రెస్ వారి డైరెక్టరీలో ఉన్న ఉచిత థీమే వాడాను. అడుగున వర్డ్‌ప్రెస్ పేరు, థీమ్ చేసినవారి పేరు ఉన్నాయి. ఆయన చూసి, "తమ్ముడూ, ఇదేంటి, షాపు నాది కదా, ఈ పేర్లెవరివి?" అన్నాడు. అది తీయాలంటే లైసెన్సు కొనాలన్నా, ఖర్చవుతుందన్నాను. అలా చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు, బ్లాగర్ టెంప్లేట్‌తో పడ్డ పాటు చూసి అన్నీ అంతే అనుకున్నాను. ఆయన ఇచ్చిన డబ్బు జేబులో వేసుకున్నాక గానీ లైసెన్సు ఎక్కడ కొనాలో వెతకలేదు. వెతికితే కొనాల్సింది ఏమీ లేదు. ఒక వరుస తీసేసి ఊరుకున్నాను. డబ్బు తిరిగివ్వలేదు.

వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. అంతకుముందున్న బీ2 అనే బ్లాగింగ్ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని నడిపించారు. బీ2 జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది గనుక వర్డ్‌ప్రెస్ కూడా అదే లైసెన్సు కింద వచ్చింది. వాళ్ల డైరెక్టరీలో పెట్టే థీమ్‌లు కూడా దానికి లోబడాలి. జీపీఎల్ ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడొచ్చు. కోడ్‌ను ఇంకొకరికి పంచేటప్పుడు లోపల ఉన్న కాపీరైట్ వరుసలు చెరపకూడదు. పేజీ అడుగున పేరు చూపించి తీరాలన్న షరతు మాత్రం అందులో లేదు. అక్కడ ఆ వరుస ఉంచడం మర్యాద. అంటే రేపల్లెలో ఊరికే తీయగలిగినదాన్ని తీయడానికి డబ్బు తీసుకున్నాను. తెనాలిలో డబ్బు కట్టి తీయాల్సినదాన్ని ఊరికే కప్పేశాను. రెండు చోట్లా లైసెన్సు చదివి ఉంటే పది నిమిషాల పని.

అడుగున ఉన్న వరుసలన్నీ గౌరవించాల్సినవే అని నేను అనడం లేదు. ఒక కాలంలో కొందరు థీమ్‌లు చేసి, అడుగున తమ పేరుతో పాటు అప్పుల కంపెనీలకీ, జూదం సైట్లకీ లింకులు అమ్ముకునేవారు. ఇలా అద్దెకిచ్చిన లింకులున్న థీమ్‌లను 2007లో ముల్లెన్‌వెగ్ వర్డ్‌ప్రెస్ థీమ్‌ల జాబితాలోంచి తీయించేశాడు. అది న్యాయమే. పని చేసినవాడి పేరు వేరు, వాడి పనిలో దూరిన పరాయివాడి సరుకు వేరు. నేను కప్పెట్టింది మాత్రం అచ్చంగా చేసినవాడి పేరే.

ఇక బాపట్ల. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు. వరి, మినుము, వేరుశనగ మీద ఆయనకున్న అనుభవమంతా రైతులకి చెప్పాలని తాపత్రయం. ఆయన చేత్తో రాసిచ్చిన నోట్సు నేను టైపు చేసి, నా టెంప్లేట్‌లోనే బ్లాగు కట్టిచ్చాను. విత్తనాల షాపులవాళ్లు కొందరు ప్రకటనలిచ్చేవారు, ఆ డబ్బుతో బ్లాగు ఖర్చు వెళ్లిపోయేది. బాపట్ల కొత్త జిల్లా అయిన 2022లో, వానాకాలం పంట రోజుల్లో ఆయన ఫోన్ చేశారు. "అబ్బాయ్, ఒకసారి వస్తావా? మన పేజీలో పేకాట ఉంది" అన్నారు.

వెళ్లాను. మనవరాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. వరి ఎండాకు తెగులు మీద తాతయ్య రాసిన వ్యాసాన్ని వాట్సాప్‌లో రైతుల గ్రూపుకి పంపడానికి కాపీ చేస్తోందట. పేజీ మొత్తం ఒకేసారి సెలెక్ట్ చేసింది. సెలెక్ట్ చేస్తే అక్షరాల వెనక నీలం రంగు పడుతుంది కదా. నా ముందు మళ్లీ చేసి చూపించింది. వ్యాసం అంతా నీలమైంది, దాని కింద నా షాపు పేరు నీలమైంది, దాని పక్కన, ఖాళీగా ఉండాల్సిన చోట, నీలం మీద తెల్లగా ఇంకొక పేరు పైకి తేలింది. ఆ పాప దాని మీద నొక్కింది. రమ్మీ ఆడండి, బోనస్ తీసుకోండి అంటూ పేజీ తెరుచుకుంది.

సంగతి ఏమిటంటే, ఆ టెంప్లేట్ చేసినవాడు ఎప్పుడో ఆ పని మానేసినట్టున్నాడు. సైటు పేరుకి ఏటా కట్టాల్సిన డబ్బు కట్టలేదు. గడువు తీరిన పేరును ఎవరో కొనుక్కుని జూదం సైటు పెట్టారు. పాత పేర్లకు ఊరూరా ఉన్న ఇలాంటి లింకుల కోసమే వాటిని కొనేవాళ్లుంటారు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. అలాంటిది, తెగుళ్ల గురించి రాసిన పేజీ అడుగున దానికి దారి ఉంది. ఆ వరుస నల్లటి అక్షరాల్లో ఉండి ఉంటే ఏదో ఒక రోజు నేనే నొక్కి చూసేవాణ్ని, వెంటనే తెలిసేది. కప్పింది నేను గనుక నాకే కనపడలేదు.

"ఇది ఎవరి పేరు?" అని అడిగారాయన. పేజీ డిజైన్ చేసినవారిదని చెప్పాను. "నువ్వు కదా చేసింది?" అన్నారు. కాదు సార్ అన్నాను. ఆ గదిలో ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన కోప్పడలేదు. కాసేపాగి, సాంబ మసూరి గురించి మాట్లాడారు. "మన బాపట్లలో పుట్టిన వంగడం అది. 1986లో విడుదలైంది. ఎన్ని రాష్ట్రాల్లో పండిస్తున్నారో. ఎక్కడికి పోయినా విత్తనం సంచి మీద బీపీటీ 5204 అనే ఉంటుంది. బీపీటీ అంటే బాపట్లేగా. విత్తనం దాచుకుని మళ్లీ చల్లుకునే రైతు కూడా బీపీటీ వేశానంటాడు గానీ నా వడ్లు వేశాననడు" అన్నారు. తర్వాత కాఫీ ఇప్పించారు. తాగలేకపోయాను.

ఆ రాత్రి తెనాలి వచ్చాక ఆ జిప్ ఫైలు పాత హార్డ్‌డిస్క్‌లో వెతికి, షరతులు మొదటిసారి చదివాను. నాలుగంటే నాలుగు వాక్యాలు. సొంతానికైనా వ్యాపారానికైనా వాడుకోండి, మార్చుకోండి, అడుగున పేరు, లింకు అలాగే ఉంచండి, వద్దనుకుంటే ఇంత కట్టండి. ఆ మొత్తం, రేపల్లె షాపాయన దగ్గర నేను తీసుకున్నదానికంటే తక్కువ.

అక్కణ్నుంచి చదవడం మొదలుపెట్టాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. కంప్యూటర్ ప్రోగ్రాము కూడా ఆ చట్టం దృష్టిలో సాహిత్య రచనే. ఇది నాది అని చెప్పుకునే హక్కు, మిగతా హక్కులన్నీ అమ్ముకున్నా రచయిత దగ్గరే ఉంటుందని 57వ సెక్షన్ చెబుతుంది. 2012లో చేర్చిన 65బీ సెక్షన్ ఇంకా కటువు. ఒక కృతికి జతచేసిన కర్త పేరును, వాడుక షరతులను తెలిసి తెలిసి తీసేసినా మార్చినా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ సెక్షన్ చదువుతుంటే ఆరు ఎఫ్‌లు కళ్ల ముందు కనపడ్డాయి.

ఊరికే ఇచ్చినదానికి షరతు ఏమిటి, అది కోర్టులో నిలుస్తుందా అని నేనూ వాదించేవాణ్ని. దానికి 2008లోనే అమెరికాలో జవాబు వచ్చింది. రాబర్ట్ జాకబ్సన్ అని బర్కిలీలో భౌతికశాస్త్రం ప్రొఫెసర్. బొమ్మ రైళ్లు నడిపేవాళ్ల కోసం కొందరితో కలిసి ఒక సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మ్యాథ్యూ కాట్జర్ అనే ఆయన కంపెనీ అందులోని ఫైళ్లను తన సరుకులో కలుపుకుంది. రాసినవాళ్ల పేర్లు, కాపీరైట్ వరుసలు ఉంచలేదు. షరతు తప్పితే అది ఒప్పందం తప్పడమే గానీ కాపీరైట్ ఉల్లంఘన కాదన్నట్టు కింది కోర్టు తీసుకుంది. పై కోర్టు అలా కాదంది. డబ్బు తీసుకోకపోయినా పేరు రావడం, పని పదిమందికీ తెలియడం రచయితకు దక్కే ప్రతిఫలమే, ఆ షరతు తప్పితే అది కాపీరైట్ ఉల్లంఘనే అని తేల్చింది. క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు కింద ఉచితంగా దొరికే డిజైన్లకు కూడా ఈ మాట బలమే. అదే కుటుంబంలో వ్యాపారానికి వాడకూడదన్న లైసెన్సులు కూడా ఉన్నాయి. ప్రకటనలతో నడిచే బ్లాగు వ్యాపారం కాదని, నేనేమీ అమ్మడం లేదు కదా అని ఇంతకాలం అనుకున్నాను. ప్రకటనల డబ్బు నెలనెలా బ్యాంకులో పడుతున్నప్పుడు కూడా అలాగే అనుకున్నాను.

గూగుల్ కూడా తన నియమాల్లో తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలను మోసాల జాబితాలో పేరుపెట్టి చెప్పింది. కప్పిన లింకు మోసంగానే లెక్క. ఆ పెద్దాయన బ్లాగు గూగుల్ వెతుకులాటలో వెనక్కి పోయింది, దానికి అదొక్కటే కారణమని చెప్పను. కానీ ఆయన పేరు మీద ఆ మచ్చ పెట్టింది నేనే.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఒక ఫాంట్. మా సైట్ల తెలుగు శీర్షికలన్నీ ఒకే ఫాంట్‌లో పెట్టేవాణ్ని. దాని పేరు తెనాలి రామకృష్ణ. మన ఊరి పేరుంది కదా అన్న మమకారంతో ఎంచుకున్నాను. ఎవరు చేశారని ఎప్పుడూ చూడలేదు. చూస్తే, పురుషోత్ కుమార్ గుత్తుల అనే ఆయన 2013లో తయారు చేశారు. సిలికానాంధ్ర సంస్థ దాన్ని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేసింది. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న, గిడుగు, గురజాడ పేర్లతో ఉన్న ఫాంట్లు కూడా ఆ సంస్థ ఇచ్చినవే. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు అన్నీ గీసి, కంప్యూటర్‌కి నేర్పి, తెలుగువాళ్ల చేతుల్లో పెట్టారు. పేజీ మీద మా పేరు వేయండని ఆ లైసెన్సు అడగదు. ఫాంట్‌ను పంచేటప్పుడు కాపీరైట్ వరుస, లైసెన్సు దాంతోనే ఉంచమంటుంది, ఫాంట్‌ను విడిగా అమ్మొద్దంటుంది, అంతే. అడిగినవాడి పేరు నేను చెరిపాను. అడగనివాడి పేరు తెలుసుకోనే లేదు. బాబాయి బతికుంటే ఆ అక్షరాలు చూసి, ఎవర్రా ఇవి పోతపోసింది అని ముందు అదే అడిగేవాడు.

రేపల్లెకి ప్యాసింజర్లో వెళ్లి షాపాయనకి డబ్బు తిరిగిచ్చాను. వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా ఏం చెప్పాలో పేర్చుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్లాక నేరుగా చెప్పేశాను. "అన్నా, లైసెన్సు అని తీసుకున్నాను, కొనలేదు, కొనాల్సిన పనే లేదు." ఆయన నోట్లు లెక్కపెట్టకుండా గల్లాపెట్టెలో వేసి, "ఇంకెవరి దగ్గర తీసుకున్నావో వాళ్లకి కూడా ఇచ్చెయ్ తమ్ముడూ" అన్నాడు. ఇస్తున్నాను. సైటు అడుగున ఆ థీమ్ చేసినవారి పేరు మళ్లీ పెట్టనా అని అడిగితే, "ఉంటే నీకు పోయేదేముంది, నాకు పోయేదేముంది, పెట్టు" అన్నాడు. షరతు లేని చోట కూడా ఇప్పుడు ఆ పేరు ఉంది.

మా టెంప్లేట్ చేసినవాడికి ఉత్తరం రాశాను. రాయడానికి నాకున్నది ఆ షరతుల ఫైలులోని ఈమెయిల్ ఒక్కటే. అది కూడా ఆ పాత సైటు పేరు మీదే ఉంది గనుక అతనికి చేరదని తెలుసు. చేరలేదు. వేరే దారుల్లో వెతికాను, దొరకలేదు. అందుకని నా సైట్లన్నిటిలో లింకు తెంపేసి, పేరు మాత్రం అందరికీ కనపడేలా నల్లగా పెట్టాను. నా షాపు పేరుకి ముందున్న డిజైన్ అన్న మాట తీసి, తెలుగు అమరిక అని మార్చాను. నేను చేసింది అదే. కొత్తగా వచ్చేవాళ్లకి మొదటి రోజే చెబుతున్నాను, ఉచిత థీమ్ అయితే అడుగున ఈ పేరు ఉంటుంది, వద్దంటే దాని ఖరీదు ఇంత, మీ పేరు మీదే కొందాం, రసీదు మీకే వస్తుందని. బేరం పోయిన సందర్భాలున్నాయి. పక్క సందులో ఊరికే తీసిపెడతారు మరి.

సూర్యలంక రోడ్డు లాడ్జి ఒక్కటి మిగిలింది. చేతులు మారింది, కొత్త యజమాని ఒంగోలులో ఉంటారట. సైటు పాస్‌వర్డ్ పాత మేనేజరు మార్చి వెళ్లిపోయాడు. జరిగిందంతా రాసి కొత్త యజమానికి పంపాను, రెండోసారి కూడా పంపాను. ఆయన లోపలికి రానిస్తే ముందు ఆ జూదం లింకు తెంపాలి, ఆ ఆరు ఎఫ్‌లు చెరిపి పేరుకి నల్లరంగు పెట్టాలి. గదుల అద్దె మార్చడం, ఫొటోలు మార్చడం లాంటి పనులు ఆ తర్వాత చేసిస్తాను. వాటికి డబ్బు వద్దని కూడా ఆ ఉత్తరంలోనే రాశాను.